దాచిన చట్టంలోంచి పుట్టిన లాజరో

ఇటలీ దర్శకురాలు ఆలిచె రోర్వాకర్ చదువుకునే రోజుల్లో ఒక వార్త చదివింది. మధ్య ఇటలీలో ఓ జమీందారిణి, పంటలో వాటాకు పొలం సాగుచేసే పాలికాపు పద్ధతి రద్దయిన సంగతి తన పొలంలోని కుటుంబాలకు తెలియనివ్వలేదట. కొత్త పాలికాపు ఒప్పందాలను అక్కడ 1964లోనే నిషేధించారు. 1982 చట్టం పాతవాటికీ తెరదించింది. ఆ కుటుంబాలు మాత్రం చాకిరీ చేస్తూనే ఉన్నాయి.

వార్త పాతబడింది. ఆ మనుషులు తర్వాత ఏమయ్యారన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. దానికి జవాబుగా వచ్చిందే 2018 నాటి 'లాజరో ఫెలీచె'.

సినిమాలో ఆ ఊరు ఇన్వియొలాటా, పంట పొగాకు. ఇంట్లో చాలినన్ని బల్బులు కూడా లేవు. ఒక గదిలోది ఊడదీసి ఇంకో గదికి పట్టుకెళ్తారు. గుమాస్తా వచ్చి లెక్క చూస్తాడు. ఎంత పండించినా చివరికి వాళ్లే బాకీ. జమీందారిణి వాళ్లను పిండుకుంటుంది, వాళ్లు తమలో ఒకడైన లాజరోను పిండుకుంటారు. పిలిస్తే పలకడం, చెప్పింది చేయడం తప్ప కాదనడం అతనికి తెలియదు.

ఆ పాత్రకు ఆద్రియానో తార్దియోలో దొరికాడు. ఓర్వియెటోలో చదువుకుంటున్న కుర్రాడు, అంతకుముందు నటించినవాడు కాదు. ఛాయాగ్రాహకురాలు ఎలెన్ లూవార్ సూపర్ 16 ఫిల్మ్‌పై తీసింది.

సగం సినిమా అయ్యాక లాజరో కొండమీంచి పడతాడు. లేచేసరికి ఏళ్లు గడిచాయి. అతని వయసు మాత్రం పెరగలేదు. ఈలోగా విముక్తులైన అతని వాళ్లు నగరంలో రైలుపట్టాల పక్కన బతుకుతుంటారు. ఈ వింత ఇందుకే: అదే ముఖం రెండు కాలాల్లోనూ కనబడితే, దోపిడీ పోలేదనీ, వేషం మార్చిందనీ మనకు అర్థమవుతుంది. కాన్ ఉత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతిని ఈ చిత్రం ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీ చిత్రంతో పంచుకుంది.

అబుదాబి శివారు బనియాస్‌లో ఉండే తెలుగు కార్మికుడికి ఈ కథ పరాయిది కాదు. మన దేశంలోనూ వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అతను పనిచేసే ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం, యజమాని కార్మికుడి పాస్‌పోర్టు పట్టుకోకూడదంటుంది. నియామకం ఖర్చు అతని మీద వేయకూడదంటుంది. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధనా ఉంది. ఇవి తెలియనివాడికి ఏజెంటు చెప్పిందే చట్టం.

ఇన్వియొలాటాను బందీ చేసింది గొలుసులు కావు, అందని కబురు. కాబట్టి ఊరినుంచి కొత్తగా వచ్చే తమ్ముడికి ముందు ఈ మాటలు చెప్పండి: చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు, కాగితం నకలు నీ దగ్గర ఉంచుకో, పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వొద్దు.