గెర్బర్ చాకుకు ఆ చెడ్డపేరు న్యాయమేనా?

అమెరికాలో చాకులు సేకరించేవాళ్ల మధ్య గెర్బర్ పేరెత్తితే చాలామంది పెదవి విరుస్తారు. పదును నిలవదంటారు, అలుగు పిడిలో కదులుతుందంటారు. ఒకప్పుడు ఇదే పేరును గౌరవంగా పలికేవారు.

ఈ కత్తుల పుట్టిల్లు ఒక ప్రకటనల సంస్థ. ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో దాన్ని నడిపిన జోసెఫ్ గెర్బర్, పండుగ కానుకగా ఖాతాదారులకు ఇవ్వడానికి డేవిడ్ మర్ఫీ అనే పనివాడితో వంటింటి కత్తుల సెట్లు చేయించాడు. వాటిని చూసి అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణం తనకూ కావాలని అడిగింది. అలా 1939లో కంపెనీ మొదలైంది. పసిపిల్లల ఆహారం అమ్మే గెర్బర్ వేరు, ఇది వేరు. గట్టి హైస్పీడ్ స్టీలు అలుగు, దానిమీద క్రోమియం పూత, పోత అల్యూమినియం పిడి: ఇదీ ఆనాటి పనితనం. కొన్ని కత్తులకు బాల్‌ముంగ్, జోయూస్ అంటూ యూరప్ వీరగాథల్లోని ఖడ్గాల పేర్లు పెట్టారు.

1960ల్లో వచ్చిన మార్క్ 2 బాకును వియత్నాం వెళ్లిన సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. 1980ల తొలినాళ్లలో బ్లాకీ కాలిన్స్ రూపొందించిన ఎల్‌ఎస్‌టీ, నైలాన్ పిడితో మడతచాకు బరువును బాగా తగ్గించింది.

అదే దశకం రెండో సగంలో ఫిన్లాండ్‌కు చెందిన ఫిస్కార్స్ సంస్థ గెర్బర్‌ను కొనేసింది. ఆ తర్వాత చౌకరకాలు పెరిగాయి. చైనాలో తయారై, ప్లాస్టిక్ పొరలో బిగించి వాల్‌మార్ట్ అరల్లో వేలాడే పారాఫ్రేమ్ లాంటి చాకులే చాలామందికి తొలి గెర్బర్. 2012లో మరో దెబ్బ తగిలింది. టీవీ సాహసికుడు బేర్ గ్రిల్స్ పేరుతో అమ్మిన పరాంగ్ కత్తులు పిడి దగ్గర విరిగే ప్రమాదం ఉందని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అడవిలో అక్కరకొస్తుందని కొన్న కత్తి చేతిలోనే విరగడం చిన్న తప్పు కాదు.

అయినా చౌకచాకుకూ ఖరీదైనదానికీ అసలు తేడా ఉక్కులోనే ఉంది. చౌకచాకుల్లో తరచూ కనిపించే 5సీఆర్15 రకంలో కార్బన్ సుమారు అర శాతం. కంపెనీ ఖరీదైన చాకుల్లో వాడే ఎస్30వీలో దాదాపు ఒకటిన్నర శాతం, పైగా 4 శాతం వెనేడియం. అందుకే రెండోదాని పదును ఎక్కువకాలం నిలుస్తుంది. మొదటిది త్వరగా మొద్దుబారుతుంది, కానీ మామూలు సానరాయి మీదే మళ్లీ పదునెక్కుతుంది, తుప్పునూ బాగానే తట్టుకుంటుంది. అట్టపెట్టెలు, తాళ్లు కోసుకునేవాడికి అది చాలు. కాల్చి చల్లార్చే పని సరిగ్గా జరగకపోతే మాత్రం ఏ ఉక్కైనా దండగే.

పోర్ట్‌లాండ్‌లోనే తయారైన స్ట్రాంగ్‌ఆర్మ్, సైనిక విమాన సిబ్బంది కోసం రూపుదిద్దుకున్న ఎల్‌ఎమ్‌ఎఫ్ 2 కత్తులను పట్టుకుని నాసిరకం అనడం అన్యాయం. చౌకరకాల మీద వచ్చిన విమర్శలో న్యాయముంది. ఒకే ముద్ర కింద ఇంత తేడా ఉన్న సరుకును అమ్మి కంపెనీయే తన పేరు చెడగొట్టుకుంది. కొనేవాళ్లు పేరును పక్కనపెట్టి, ఏ ఉక్కు, ఎక్కడ తయారైంది అన్న రెండు సంగతులు చూసి కొనాలి.