జేన్ ఆస్టిన్ నవలలు - ముద్రణప్రయాస

వ్రాతప్రతి అమ్ముడుపోయినంతమాత్రమున గ్రంథము లోకమునకు వెలువడినట్లు కాదని ఆంగ్లనవలాకర్త్రి జేన్ ఆస్టిన్ చరిత్రము తెలుపుచున్నది. 1797లో ఆమె నవలనుగూర్చి తండ్రి లేఖ వ్రాయఁగా, లండను ప్రచురణకర్త కాడెల్ ప్రతిని చూడకయే నిరాకరించెను. 1803లో ‘సూసన్’ అను నవల స్వామ్యమును క్రాస్బీ సంస్థ 10 పౌండ్లకుఁ గొని, ప్రకటన చేసియు ముద్రింపదయ్యెను. 1809లో ఆమె మాఱుపేరుతో నడుగఁగా, ఆ వెల చెల్లించిన ప్రతి నిత్తుమనియు, అన్యులు ముద్రించిన నడ్డుదుమనియు బదులు వచ్చెను. స్వామ్యము గొన్నవానికి గ్రంథమును దాఁచు నధికారమును గలదని దీనఁ దేటపడును.

అయినను ఆమె కలము విడువలేదు. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని నష్టమునకుఁ దానే పూచీపడి ప్రచురింపించి, 140 పౌండ్లు లాభము గాంచెను. 1816లో సోదరుఁడు హెన్రీ ‘సూసన్’ను తొలివెలకే విడిపించెను. 1817 జూలైలో ఆమె గతించెను; ఆ డిసెంబరులో ‘సూసన్’ ‘నార్థాంగర్ ఆబీ’ యను పేర వెలువడెను.