జాజు, తుప్పు, ఒక మీటర్ గేజ్ డబ్బా

ఈరోజు టేబుల్ మీద ఒకటే వస్తువు ఉంది. అరచేతిలో పట్టే గూడ్సు డబ్బా. అసలు డబ్బాలో 87వ వంతు. దీనికి రంగు వేసి, పాతబడినట్టు చేయడం గురించి చెప్తా. కానీ ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

మాది అమ్రాబాద్. నల్లమల మీద ఊరు, రైలు కూత వినపడదు. చిన్నప్పుడు రైలు చూడాలంటే కొండ దిగి, అచ్చంపేట దాటి, జడ్చర్ల దాకా పోవాల్సిందే. అక్కడ నడిచినవి మీటర్ గేజ్ బండ్లు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయే లైను అది. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. అట్లా యజమాని మారినప్పుడల్లా డబ్బా మీద పొడి అక్షరాలు మారాయి, డబ్బా మాత్రం అదే తిరిగింది. 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. ఆ దశాబ్దంలోనే మా వైపు పట్టాలు కూడా 1000 మిల్లీమీటర్ల నుంచి 1676కి వెడల్పయ్యాయి. ఆ డబ్బాలు మళ్ళీ మా లైను మీదికి రాలేదు.

నా దగ్గరున్న ఫోటోలన్నీ నలుపు తెలుపువి. మరి రంగు ఎట్లా తెలుస్తుంది?

దీనికి జవాబు మా ఇంటి గోడ మీదే ఉంది. పండగకి అమ్మ గోడ కింది భాగానికి, గడపకి జాజు పూసేది. జాజు అంటే ఇనుప ఆక్సైడ్ ఉన్న ఎర్రమట్టి. గూడ్సు డబ్బాలకి వేసే రెడ్ ఆక్సైడ్ పెయింటులో రంగునిచ్చేది కూడా ఇనుప ఆక్సైడే. చౌక, ఎండకి తొందరగా వెలిసిపోదు. అందుకే దేశదేశాల రైల్వేలు దీన్నే పట్టుకున్నాయి. అమెరికాలో 'బాక్స్‌కార్ రెడ్' అని పేరే పడిపోయింది. తమాషా ఏంటంటే, తుప్పు కూడా ఇనుప ఆక్సైడే, కాకపోతే నీటిని పట్టుకుని ఉంటుంది. అంటే తుప్పు నుంచి కాపాడే రంగూ, ఆ తుప్పూ చుట్టాలే. కొత్త తుప్పు నారింజ రంగులో ఉంటుంది, పాతబడ్డది ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది.

బొమ్మ రైళ్ళకి ఈ మురికి మొదట్లో లేదు. ఇంగ్లండులో హార్న్‌బీ కంపెనీ 1920లో రైళ్ళు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అవి తళతళలాడే రేకు బొమ్మలు. పిల్లలకి మెరుపే కావాలి కదా. మురికిని ఒక కళ చేసినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు కాలిఫోర్నియాలో జాన్ అలెన్. వృత్తికి ఫోటోగ్రాఫర్, కాబట్టి వెలుతురు, మసి, వాన చారలు ఆయనకి తెలుసు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ చాలావరకు మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు దాన్ని చూడాలంటే చాలామట్టుకు ఫోటోలే దిక్కు, మా మీటర్ గేజ్ లాగానే.

సరే, నా తప్పు. ప్లాస్టిక్ షీటు కోసి డబ్బా కట్టాను. 12 మిల్లీమీటర్ల పట్టా మీద నిలబెట్టి, తుప్పు బాగా దట్టించాను. పైకప్పు, గోడలు, తలుపు, అంతటా నారింజ రంగే. వీడియోలో అదిరిపోయింది. గూడ్సు యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకి తీసుకుపోయి చూపించాను. కళ్ళద్దాలు పైకి జరిపి అటూ ఇటూ తిప్పి చూసి, "బిడ్డా, ఇది నడిచిన బండి కాదు, పండుకున్న బండి" అన్నాడు.

"అదేంది తాతా?" అన్నాను.

"చక్రం చూడు. పట్టా మీద ఉరికే చక్రం అంచు అద్దంలెక్క మెరవాలె. నువ్వు దానిక్కూడ తుప్పు పెట్టినవ్."

చెప్పొద్దూ, నాకు తల తిరిగింది. నేను తుక్కు యార్డు ఫోటో చూసి, దాన్నే డబ్బా జీవితం అనుకున్నాను. పనిచేసిన యాభై ఏళ్ళు వదిలేసి, చివరి రెండేళ్ళే గీశానన్నమాట.

ఇంటికొచ్చి రంగు అంతా గీకేశాను. ఈసారి రెడ్ ఆక్సైడ్‌లో కొంచెం బూడిద రంగు కలిపాను. చిన్న వస్తువు మీద అసలు రంగే వేస్తే మరీ ముదురుగా కనబడుతుంది. తుప్పు కింది అంచుల్లో, నీళ్ళు నిలిచే మూలల్లో మాత్రమే. పోత ఇనుప బ్రేకు దిమ్మలు అరిగి రాలే పొడి అడుగు భాగమంతా పట్టుకుంటుంది, కాబట్టి అక్కడ ముదురు గోధుమ. పాత రకం యాక్సిల్ బాక్సుల నుంచి నూనె కారేది, అక్కడ నల్లటి జిడ్డు మరక. తలుపు గొళ్ళెం దగ్గర చేతులు రాసి రాసి నునుపు. గోడ మీద యార్డువాళ్ళ సుద్దముక్క గీతలు రెండు. చక్రాల అంచులకి వెండి రంగు.

ఆఖరికి దుమ్ము. ఇది షాపులో కొనలేదు, మా అమ్రాబాద్ ఎర్రమట్టి. ఎండబెట్టి, నూరి, పల్చటి బట్టలో జల్లించి, మెత్తటి బ్రష్‌తో అద్దాను. పైన మ్యాట్ వార్నిష్ కొడితే పొడి సగం మాయమైపోతుంది, అందుకే మీరు చేసేటప్పుడు ఒక పాలు ఎక్కువే వేయండి.

మళ్ళీ తీసుకుపోయాను. పెద్దాయన ఈసారి ఏమీ అనలేదు. వేలితో తలుపు గొళ్ళెం దగ్గర నిమిరి, "ఏం సరుకు ఏసినవ్ ఇండ్ల?" అని అడిగాడు.