షెల్లుల పాఠాంతరములు

యూనిక్స్ యంత్రముపై ఆదేశములను చదువు షెల్లు ఒక్కటే యని తలచి స్క్రిప్టు వ్రాయువారికి ఎదురగు చిక్కులలో పెక్కింటికి మూలము, విచారించి చూడగా, ఐదు దశాబ్దులుగా వేర్వేరు చేతులమీదుగా పుట్టివచ్చిన షెల్లుల భేదములలోనే కానవచ్చును.

1971లో బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్ రచించిన తొలి షెల్లు మిక్కిలి చిన్నది. 'ఇఫ్', 'గోటూ' అనునవి సైతము దానిలోని భాగములు గాక వెలుపలి ప్రోగ్రాములుగానే యుండెను. 1979లో ఏడవ యూనిక్స్‌తో వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్లు దానిని త్రోసిరాజని నిజమైన ప్రోగ్రామింగు భాషయై నిలిచినది. ఆల్గాల్ 68 మీది మక్కువచే బోర్న్ 'ఇఫ్'ను తిరుగవేసి 'ఎఫ్‌ఐ'తోను, 'కేస్'ను తిరుగవేసి 'ఈసాక్'తోను ముగించెను. 'డూ'ను మాత్రము తిప్పజాలకపోయెను, ఏలయన 'ఓడీ' యను పేరు అప్పటికే మరియొక ఆదేశమునకు చెల్లియుండెను.

బర్క్‌లీలో బిల్ జాయ్ సీ భాషాచ్ఛాయలో సీషెల్లును నిర్మించెను. బోర్న్ పద్ధతిని 'ఎక్స్‌పోర్ట్' అని వ్రాసిన, అది 'కమాండ్ నాట్ ఫౌండ్' అనును. దానికి కావలసినది 'సెటెన్వ్'. 1983లో ప్రకటితమైన డేవిడ్ కార్న్ షెల్లును, 1989లో గ్నూ కొఱకు బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బాష్‌యు బోర్న్ బాటనే నడచుచు క్రొత్త సౌకర్యములను చేర్చినవి. తరువాతి తగవులకు ఆ సౌకర్యములే కారణము. కడపలో బ్రౌను దొర పలు తాళపత్రప్రతులను చేర్చి పండితులచేత శుద్ధప్రతులను సిద్ధపఱపించినట్లు, షెల్లుల రీతులను ఒక దారికి తెచ్చుచు 1992లో పోసిక్స్ షెల్లు ప్రమాణము వెలువడినది. కాని ప్రమాణమున్నంతమాత్రాన పాఠాంతరములు సమసిపోవునా?

కెన్నెత్ ఆల్మ్‌క్విస్ట్ షెల్లు సంతతియైన డాష్‌ను, యంత్రము త్వరగా మేల్కొనవలెనని, ఉబుంటు వారు 2006 అక్టోబరున వెలువడిన 6.10 కూర్పులో బాష్‌కు మాఱుగా 'ఎస్‌హెచ్' పీఠమున నిలిపిరి. కావున నేటి విద్యార్థి ఉబుంటుపై కూర్చుండునేని, ఈ చీలిక అతనికి పుట్టుకతో వచ్చిన ఆస్తియే. బాష్‌లో చక్కగా నడచిన జంట చదరపు బ్రాకెట్ల పరీక్షను చూచి డాష్ 'నాట్ ఫౌండ్' అనును. అర్రే కొఱకు గుండ్రని బ్రాకెట్టు తెఱవగానే 'సింటాక్స్ ఎర్రర్' అనును. 'ఎకో'కు 'మైనస్ ఈ' తగిలించిన, తప్పనక, ఆ 'మైనస్ ఈ'ని సైతము తెరపై ముద్రించును. ఈ మూడవదే మిక్కిలి కపటము: దోషమున్నదని చెప్పువారే లేరు. ఆపిల్ మాక్ యంత్రములలో 2019లో జీషెల్లు డిఫాల్ట్ షెల్లయినది. అందు అర్రే లెక్క సున్నతో గాక ఒకటితో మొదలగును.

కావున పంక్తులను దిద్దుటకు మున్ను, వానిని ఏ షెల్లు చదువుచున్నదో తేల్చుకొనుడు. తొలిపంక్తిలో బాష్ పేరున్నను, 'ఎస్‌హెచ్' అని టైపుచేసి స్క్రిప్టును నడిపినచో ఆ పంక్తి వట్టి వ్యాఖ్యగా మిగులును. ఉబుంటులో అప్పుడు చదువునది డాషే. బాష్ సౌకర్యములు కావలసినచో బాష్ పేరుతోనే నడుపుడు. అక్కఱలేనిచో స్క్రిప్టులోని దోషములను వెదకు షెల్‌చెక్ అను పరికరమునకు చూపి, పోసిక్స్ హద్దులలో వ్రాయుడు.