అష్టమమాసజాత శిశువు

ఏడవనెలలోఁ బుట్టిన బిడ్డ బ్రతుకును, ఎనిమిదవనెలలోఁ బుట్టిన బిడ్డ బ్రతుకదు అను మాట తెనుఁగు దేశమున మంత్రసానుల నోటను, ముదుసలి ముత్తైదువల నోటను జిరకాలముగా వినవచ్చుచున్నది. గర్భమున నొకనెల యధికముగా నున్న శిశువునకు బలము హెచ్చవలసియుండఁగా, నది తగ్గుననుట యుక్తికిఁ బొసఁగదు. అయినను ఇది పామరుల కల్పనము గాదు. సంస్కృత వైద్యగ్రంథములందును, ధర్మశాస్త్రమందును దీనికి మూలము గలదు. యవనదేశపు వైద్యులును, యూదుల ధర్మవేత్తలును నిట్లే చెప్పిరి. ఈ సిద్ధాంత మెట్లు పుట్టినది, ఎట్లు నిలిచినది, ఎట్లు కూలినది అనునది విచారింపఁదగియున్నది. ఏలయన, నిది మాటల వివాదము మాత్రమే కాదు. అప్పుడే పుట్టిన పసికందును బ్రతికింపఁ బూనుకొనుటయా, మానుకొనుటయా అను విషయము దీనిపై నాధారపడియుండెను.

చరకసంహిత శారీరస్థానమున నాలవ యధ్యాయమందు గర్భవృద్ధి నెలనెలకు వర్ణింపఁబడినది. మొదటినెలలో గర్భము శ్లేష్మమువలె నవ్యక్తావయవమై యుండును. రెండవనెలలో ఘనమగును. మూడవనెలలో సర్వేంద్రియములును, సర్వాంగములును నేకకాలముననే యేర్పడును. నాలవనెలలో స్థైర్యమును, ఐదవనెలలో మాంసశోణితముల యుపచయమును, ఆఱవనెలలో బలవర్ణముల పెంపును గలుగును. ఏడవనెలలో గర్భము సర్వవిధములఁ బుష్టి చెందును. ఇంతవఱకును బ్రతిమాసమునకు వృద్ధియే చెప్పఁబడినది. ఎనిమిదవనెలలో మాత్రము త్రోవ మాఱును. అప్పుడు ధాతుసారమైన యోజస్సు రసవాహినులగు నాళముల ద్వారమునఁ దల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని మాటిమాటికి సంచరించునఁట. గర్భిణి యొకప్పుడు సంతోషముతోను, ఒకప్పుడు వాడిన మొగముతోను నుండుట కదియే కారణమఁట. ఓజస్సునకు నిలుకడ లేని యా సమయమునఁ గలుగు జన్మము "వ్యాపత్తిమత్తు" అనఁగా నపాయముతోఁ గూడినదని చెప్పి, కుశలులు ఈ నెలను "అగణ్యము" అందురని చరకుఁడు ముగించెను.

సుశ్రుతుఁడును ఓజస్సుయొక్క యస్థిరత్వమునే హేతువుగాఁ జెప్పి, అట్టి శిశువు నిరృతికి భాగమగునను మఱియొక హేతువును జోడించి, బలి యొసఁగవలెనని విధించెను. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున శరీరోత్పత్తి చెప్పుపట్ల నిదియే మతము చేరినది. క్రీస్తుశకము 7వ శతాబ్ది ప్రాంతమువాఁడని తలంపఁబడు వాగ్భటుఁడు అష్టాంగహృదయమున దీనిని శ్లోకబద్ధము చేసెను.

ఈ నాలుగు గ్రంథములు చెప్పిన హేతు వించుమించుగ నొక్కటియే. చెప్పిన తీరు మాత్రము వేఱు. చరకుని పదము తద్ధితాంతము. మతుప్ప్రత్యయము అపాయముతోడి సంబంధమును దెలుపునే కాని మరణనిశ్చయమును దెలుపదు. సుశ్రుతుఁడు "జీవేత్" అని లిఙ్ఙును బ్రయోగించెను. "చేత్" అను పదము తోడనే యుండుటచే నది హేతుహేతుమద్భావమున వచ్చినది. యాజ్ఞవల్క్యస్మృతియందు "వియుజ్యతే" అనియు, వాగ్భటునియందు "జీవతి" అనియు లట్టు గలదు. లట్టు వర్తమానమునే కాక, ఎల్లకాలమును జరుగు విషయమును గూడఁ దెలుపును. సూర్యుఁడు తూర్పున నుదయించు నన్నట్లు. లిఙ్ఙునుబట్టి సుశ్రుతునకు సందేహము గలదని సాధించుట సాహసము. శ్లోకమున క్రియారూపమును ఛందస్సు గూడ నిర్ణయింపవచ్చును. అయినను ఫలితము స్పష్టము. "అపాయము గలది" యన్న మాట "బ్రతుకఁడు" అన్న మాటగా మాఱినది. వాగ్భటుఁడు తల్లి బ్రతుకు విషయమున సంశయమును నిలిపి, శిశువు విషయమున నా సంశయమును గూడఁ దీసివైచెను. ప్రమాదమును గూర్చిన హెచ్చరిక తీర్పుగా మాఱుట కిదియొక నిదర్శనము.

యవనదేశమున హిప్పొక్రేటీసు పేర వెలసిన గ్రంథసముచ్చయములో నెనిమిదవనెల శిశువును గూర్చి ప్రత్యేకగ్రంథమే కలదు. అందుఁ జెప్పిన కారణము వేఱు. గర్భకాలము నలువది దినముల భాగములు ఏడు, అనఁగా 280 దినములు. ఏడవనెల గడచిన పిమ్మట గర్భస్థశిశువు కొంతకాలము రుగ్ణమై యుండును. ఆ బాధ తీఱకముందే పుట్టినచో జననబాధయుఁ దోడై, రెంటి నోర్వలేక మరణించును. ఓజస్సు లేదు, నిరృతి లేదు. ఫలము మాత్ర మదియే. హేతువులు వేఱై ఫల మొక్కటియైనప్పుడు, నమ్మకమే ముందు పుట్టి హేతువు పిదపఁ గల్పింపఁబడెనేమో యని శంకింపవలసియున్నది.

ఈ శంకను బలపఱచు మాట యరిస్టాటిలు జంతుచరిత్రయందుఁ గలదు. ఐగుప్తుదేశమున నెనిమిదవనెల శిశువులు బ్రతుకుదురనియు, యవనదేశమున మాత్రము బ్రతుకువారు మిక్కిలి తక్కువ యనియు నతఁడు వ్రాసెను. యవనదేశమున నట్టిబిడ్డ యొకఁడు బ్రతికినచో, తల్లులు తాము నెలలు లెక్కించుటలోఁ బొరపడితిమనియు, గర్భము ముందే నిలిచినదనియుఁ దలంతురఁట. ఈ యొక్క వాక్యముననే సిద్ధాంతము చిరకాలము నిలుచుటకుఁ గల రహస్యము దాఁగియున్నది. చచ్చిన బిడ్డ సిద్ధాంతమునకు సాక్షి. బ్రతికిన బిడ్డ యెనిమిదవనెల బిడ్డయే కాదు. ఇట్లు లెక్క మార్చుకొనుచున్నంతకాలము సిద్ధాంతమునకు బాధకము దొరకదు.

యూదుల తాల్ముదు గ్రంథమునను ఇట్టి యుపాయమే కానవచ్చును. శిశువునకు వెండ్రుకలును, గోళ్లును బూర్ణముగా నేర్పడియున్నచో, వాఁడు ఏడవనెలకే పరిణతుఁడై, గర్భమునుండి వెలువడుటకు జాగుచేసినవాఁడని యొక మతము. అట్లు కానివాఁడు ఱాతితో సమానుఁడు. విశ్రాంతిదినమున వానిని గదల్పరాదు. అయినను ఆ ధర్మవేత్తలే యొక సవరణము చేసిరి: తల్లి వానిపైకి వంగి పాలీయవచ్చును. పాలు నిలిచిపోయినచోఁ దల్లి కపాయమని దానికిఁ గారణము. శాస్త్రము ఱాయి యన్న బిడ్డకుఁ దల్లిపాలు దక్కుట కది త్రోవ యయ్యెను.

ఈ సిద్ధాంతమున సత్యాంశ మేమియు లేదా యన్నచోఁ గలదు. ఎనిమిదవనెలలోఁ బుట్టుట పూర్వకాలమున నిజముగా నపాయకరమే. ఊపిరితిత్తులలోని వాయుకోశములు ముడుచుకొనిపోకుండఁ గాపాడు సర్ఫాక్టెంటు అను ద్రవ్యము 34, 35 వారములకుఁ గాని తగినంతగా నేర్పడదు. పుట్టిన శిశువులకు ఊపిరి యాడకుండుటకు నీ ద్రవ్యముయొక్క కొఱతయే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జియర్ మీడ్ అనువారు వెల్లడించిరి. 1963 ఆగస్టు 7వ తేదీని, నెలలు నిండుటకు నైదున్నర వారములు ముందుగాఁ బుట్టిన యమెరికా యధ్యక్షుఁడు కెన్నెడీ కుమారుఁడు ఈ వ్యాధిచేతనే 9వ తేదీని మరణించెను. దేశాధిపతి బిడ్డకును నాఁడు చికిత్స లేకపోయెను. అయితే ఏడవనెల శిశువున కీ ద్రవ్య మింకను దక్కువ. గర్భమునఁ గడచిన ప్రతివారమును బ్రతుకునకు బలమే చేకూర్చును. అపాయ మున్నదన్న చరకుని మాట నిలిచినది. ఏడవనెలకంటె నెనిమిదవనెల చెడ్డదన్న మాట నిలువలేదు. ఏడవనెలలోఁ బుట్టి బ్రతికిరని యెన్నఁబడినవారిలోఁ బలువురు అంతకంటె నెక్కువకాలము గర్భమున నున్నవారే యని తలంచుట యుక్తము.

సిద్ధాంతమును గూల్చినది వాదము గాదు, వెచ్చఁదనమును, లెక్కయును. 1880 ప్రాంతమునఁ బారిసు నగరపు ప్రసూతివైద్యశాలలో స్తెఫాన్ తార్నియే అనువైద్యుఁడు, కోడిగ్రుడ్లను బొదిగించు యంత్రమునుబట్టి, శిశువులను వెచ్చగా నుంచు పెట్టెలను జేయించెను. 2000 గ్రాములలోపు బరువుగల శిశువులలో మరణములు నూటికి 66 నుండి 38కి దిగినవని యచటి లెక్క. 1972లో న్యూజీలాండు దేశపు లిగిన్సు, హౌవీ అనువారు, ప్రసవమునకు ముందు తల్లికి స్టీరాయిడు మందిచ్చినచో బిడ్డయొక్క యూపిరితిత్తులు త్వరగాఁ బరిణతి చెందునని నిరూపించిరి. 1980లో జపానుదేశపు ఫుజివారా యా లేని ద్రవ్యమునే శిశువుల యూపిరితిత్తులలోఁ బోసి రక్షించెను. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పెట్టెలు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అనువైద్యుఁడు బిడ్డను దల్లి ఱొమ్మున నంటఁగట్టు పద్ధతి నారంభించెను. దానినే ప్రపంచారోగ్యసంస్థ 2022లో, నెలలు నిండని శిశువులకుఁ బుట్టిన వెంటనే యవలంబింపవలెనని చెప్పినది. 2020లో లోకమున నెలలు నిండక పుట్టినవారు 1 కోటి 34 లక్షలని యా సంస్థ యంచనా.

తుదకు మరల చరకసంహితను జూడవలసియున్నది. శారీరస్థానము ఎనిమిదవ యధ్యాయమున, పుట్టి కదలక యున్న శిశువు విషయమున విధి గలదు: చెవులకడ ఱాళ్లు తాటింపవలెను, మొగమున చన్నీళ్లో, వేఁడినీళ్లో చల్లవలెను, చేటతో విసరవలెను, ప్రాణము తిరిగివచ్చువఱకు నిట్లు చేయవలెను. ఆ విధియందు నెలల ప్రసక్తి లేదు. ఎనిమిదవనెల బిడ్డను వదలుమని చరకుఁ డచట వ్రాయలేదు. ఒకే స్థానమున నెనిమిదవనెల నగణ్యమన్న గ్రంథమే, మంత్రసాని చేతికిఁ జేట నిచ్చునపుడు నెలలు గణింపలేదు. వెనుకటివారు శ్లోకమును వల్లించినంత శ్రద్ధగా నీ విధిని వల్లించి యుండినచో, తెనుఁగు లోగిళ్లలో నెన్ని పసిప్రాణములకు మఱికొంత యూపిరి యందెడిదో! శాస్త్రమును జదువువారు దాని నిర్ణయవాక్యములతోపాటు విధివాక్యములను గూడఁ జదువవలయును.