రేకు మడత లెక్క: నేల మీది గీత నుంచి కంప్యూటర్ తెర వరకు

చదునైన లోహపు రేకును పెట్టెగానో గొట్టంగానో గరాటుగానో మలిచే పనిలో, మడవడం కంటే కష్టమైనది మడవక ముందు ఆ రేకు ఏ ఆకారంలో, ఎంత కొలతతో ఉండాలో తేల్చుకోవడం. వస్తువును ఊహలోనే విప్పి, రేకు మీద పరచి గీసే ఆ చిత్రాన్ని పూర్వపు ఇంజనీర్లు డెవలప్‌మెంట్ అన్నారు. నేటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో అది ఫ్లాట్ ప్యాటర్న్‌గా కనబడుతుంది.

ఏ ఉపరితలాలను చిరగకుండా, సాగకుండా చదునుగా పరచవచ్చునన్న ప్రశ్నను గణితవేత్త ఆయిలర్ 1772లో అచ్చయిన ఒక పత్రంలో చర్చించాడు. స్తూపం, శంకువు అలా విచ్చుకుంటాయి, గోళం విచ్చుకోదు; అందుకే గుండ్రని గిన్నె చేయాలంటే రేకును కొట్టి సాగదీయక తప్పదు. ఘనవస్తువును రెండు సమతల చిత్రాలుగా గీసి, వాటి నుంచి నిజమైన పొడవులను రాబట్టే వర్ణనాత్మక జ్యామితిని ఫ్రాన్సులో గస్పార్ మోంజ్ రూపొందించగా, కొంతకాలం సైనిక రహస్యంగా ఉండిపోయిన ఆ విద్య 1799లో పుస్తకంగా వెలువడింది. కాగితం మీద రేకును విప్పి గీసే పద్ధతులకు ఆధారం ఆ విద్యే.

ఓడల, విమానాల వంటి పెద్ద నిర్మాణాలకు కాగితం చాలక, విశాలమైన గది నేల మీద సన్నని చెక్క పట్టీలను వంచి అసలు పరిమాణంలోనే గీతలు గీసేవారు. దీనిని లాఫ్టింగ్ అంటారు. పి-51 మస్టాంగ్ విమానపు వంపులను శాంకవ సమీకరణాలతో నిర్వచించిన రాయ్ లైమింగ్ 1944లో ఆ పద్ధతిని గ్రంథస్థం చేయడంతో, గీతకు బదులు అంకెలనే కార్ఖానాకు పంపవచ్చునని రుజువైంది. కంప్యూటర్ డిజైన్‌కు నిజమైన నాంది ఇదేనని చెప్పడం సమంజసం.

1959లో సిట్రోయెన్ సంస్థలో డి కాస్టెల్జో, ఆ తరువాత రెనో సంస్థలో బెజియే కారు బాడీల వంపులకు గణిత రూపమిచ్చారు, 1963లో ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ తెర మీదనే గీయగల స్కెచ్‌ప్యాడ్‌ను చూపాడు. చరిత్ర రచనల్లో వీటికే పెద్దపీట దక్కింది. అయితే కారు పై రేకు అచ్చుల మధ్య సాగి రూపు దిద్దుకుంటుంది కనుక, తిన్నని గీత వెంట మడిచే రేకు పనికి కావలసిన లెక్క వేరే ఉంది.

రేకును మడిచినప్పుడు వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది, నడుమ ఒక పొర మాత్రం పొడవు మారకుండా నిలుస్తుంది. ఆ తటస్థ పొర మందంలో ఎన్నో వంతున ఉందో చెప్పే అంకె కె-ఫ్యాక్టర్. ఉదాహరణకు 2 మి.మీ. మందం గల రేకును 2 మి.మీ. లోపలి వ్యాసార్థంతో లంబకోణంగా మడిచి, వెలుపలి కొలతలు 50, 30 మి.మీ. వచ్చేలా చేయాలనుకుందాం. కె-ఫ్యాక్టర్ 0.4 అయితే తటస్థ పొర వ్యాసార్థం 2.8 మి.మీ., మడతకు పట్టే పొడవు సుమారు 4.4 మి.మీ. అవుతుంది, దానికి చదును భాగాలైన 46, 26 కలిపితే రేకును కత్తిరించవలసింది 80 కాదు, 76.4 మి.మీ. ఒక్క మడతలో 3.6 మి.మీ. తేడా చిన్నదే అనిపించినా, అలాంటి మడతలు నాలుగున్న చట్రంలో అది 14 మి.మీ. దాటిపోతుంది, రంధ్రాలు ఒకదానికొకటి కలవవు.

1981లో డసో సిస్టమ్స్ ఏర్పడి కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేరును అందించింది. 1980ల చివర ప్రో/ఇంజనీర్ కొలత మారిస్తే ఆకారమంతా తానే సవరించుకునే పారామెట్రిక్ విధానాన్ని ప్రచారంలోకి తెచ్చింది. 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్ విండోస్ కంప్యూటర్ల మీద నడవడంతో చిన్న వర్క్‌షాపులకూ ఆ సౌకర్యం అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో మడతలను చేర్చుతూ పోతే విప్పిన రేకు చిత్రం దానంతటదే సిద్ధమై లేజర్ కోత యంత్రానికి చేరుతుంది. అయితే లోహం, మందం, అచ్చు మారిన కొద్దీ కె-ఫ్యాక్టర్ కూడా మారుతుంది కనుక, రేకును మడిచే యంత్రమైన ప్రెస్ బ్రేక్ మీద ఒక పరీక్ష ముక్కను మడిచి, కొలిచి, వచ్చిన అంకెను సాఫ్ట్‌వేరులోని పట్టికకు ఎక్కించే ఆనవాయితీ వర్క్‌షాపుల్లో నేటికీ కొనసాగుతోంది.