అన్న మాటను కాదనుట

రాజకీయ నాయకుల ఉపన్యాసములలో అలంకారములు కలవన్నచో మన విద్యావంతులలో పలువురు ముఖము చిట్లింతురు. అలంకారము కావ్యమునకు శోభ, సభావేదికపై అది జనులను మభ్యపెట్టు సాధనము అని వారి యభిప్రాయము. ఈ యభిప్రాయములో కొంత సత్యము లేకపోలేదు. కాని మైక్రోఫోను చెంత జీవనము గడుపు మాబోటివారము ఏమి చెప్పబడినదో విని ఊరకొనలేము, ఎట్లు చెప్పబడినదో కూడ విచారింపవలసియుండును. అందుచే ఒక్క అలంకారమును, ఒక్క సాయంకాలమును తీసికొని పరిశీలింతము.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలము 5 గంటలు దాటిన పిమ్మట, ఢిల్లీ బిర్లా భవనపు తోటలో ప్రార్థనసభకు నడచి వచ్చుచున్న గాంధీమహాత్ముని గోడ్సే కాల్చి చంపినాడు. దేశవిభజన జరిగి అప్పటికి ఆరుమాసములైనను నిండలేదు. రాజధాని నిండ కాందిశీకులు. హంతకుడు ముసల్మానను వదంతి ఒక్కటి పుట్టిన చాలును, తెల్లవారులోగా ఎన్ని పట్టణములు మండిపోయెడివో ఊహింపజాలము. కనుకనే హంతకుడు హిందువని ఆకాశవాణి తన ప్రకటనలో స్పష్టముగా చెప్పినది. పిమ్మట ఆ రాత్రియే పండిత నెహ్రూ మైక్రోఫోను ముందునకు వచ్చినారు. చేతిలో వ్రాతప్రతి లేదు.

మన బ్రతుకులలో వెలుగు ఆరిపోయినదనియు, ఎల్లెడల చీకటి క్రమ్మినదనియు ఆయన తొలుత అన్నారు. జాతిపిత ఇక లేరన్నారు. ఆ వెంటనే, అట్లనుట బహుశః పొరపాటేమో అన్నారు. మరికొన్ని మాటలైన పిదప మరల మొదటి మాటకే వచ్చి, వెలుగు ఆరినదంటిని, అది తప్పు, ఈ దేశమున వెలిగినది సామాన్యమైన వెలుగు కాదు, వేయేండ్ల తరువాతను అది కానవచ్చును అని సవరించుకొన్నారు. స్వల్పవ్యవధిలో రెండుమారులు తన మాటను తానే కాదన్నారన్నమాట.

దీనికి మన లాక్షణికులు ఏనాడో పేరు పెట్టినారు. తాను పలికిన దానిని తానే ఆలోచించి నిషేధించుట ఆక్షేపాలంకారమని అప్పయ్యదీక్షితుల కువలయానందము చదివిన ప్రతి విద్యార్థియు ఎరుగును. అందలి యుదాహరణము శృంగారపరమైనది. ఒక నాయకుడు చంద్రుని కనబడుమని కోరి, అంతలోనే, అక్కరలేదులే, ప్రియురాలి మొగము ఉన్నది కదా అనును. ఆ చమత్కారమే ఒక జాతి శోకవేళ ఇంత గంభీరముగా వినబడునని దీక్షితులు తలచియుండరు! నెహ్రూ ఆ గ్రంథమును తలచుకొని మాటలాడినారని మేమనము. శోకము పొంగిన మనుష్యుడు మొదట ఒక మాట అనును, ఆ మాట తన చెవిని పడగానే అది చాలదని తోచును. వ్రాసికొని చదివినచో ఈ సవరణ కృతకముగా వినిపించెడిది. వ్రాయలేదు కనుక శ్రోత ఎదుట ఒక మనస్సు తడబడి, నిలద్రొక్కుకొనినది. విన్నవాడును దానితోపాటు నిలద్రొక్కుకొనినాడు.

ఈ లక్షణము ఆయనకు కొత్త కాదు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగసభలోని ప్రసంగమున కూడ, చిరకాలము క్రిందట విధితో చేసికొన్న ఒడంబడికను చెల్లించుకొను వేళ వచ్చినదని చెప్పుచునే, సంపూర్ణముగా మాత్రము కాదని అచ్చటనే ఒక కళ్ళెము వేసినారు. విభజన గాయము ఆ చిన్న మాటలో ఉన్నది. లోకమంతయు నిద్రించు వేళ అన్నది మాత్రము శుద్ధమైన అతిశయోక్తి. అప్పుడు లండనులో సాయంకాలము, న్యూయార్కులో పట్టపగలు. కవిహృదయము గలవారిని గడియారముతో కొలుచుట న్యాయము కాదు గాని, మా వృత్తిలో గడియారము చూడక తప్పదు.

అలంకారము పేరు చెప్పగనే వంచన అనువారికి దృష్టాంతము వేరొకచోట కలదు. 1943 ఫిబ్రవరి 18న బెర్లినులోని స్పోర్ట్‌పలాస్ట్ మందిరమున హిట్లరు ప్రచారమంత్రి గోబెల్సు ఉపన్యసించినాడు. స్టాలిన్‌గ్రాడు వద్ద జర్మను సేన లొంగిపోయి రెండు వారములు దాటినది. ఏరి కూర్చిన శ్రోతలయెదుట అతడు వరుసగా పది ప్రశ్నలు వేసినాడు, సర్వసమగ్రయుద్ధము మీకు కావలయునా అనునది అందులో నొకటి. ప్రతి ప్రశ్నకును మందిరము గర్జించినది. మనవారు కాకువు అనెడి కంఠధ్వని విశేషమిదియే. రూపము ప్రశ్నది, అర్థము ఆజ్ఞది. రేడియో ముందు కూర్చున్న సామాన్యునకు ఆ గర్జన వినబడినది. లేదు, మాకు వలదు అనుటకు అతనికి చోటు లేదు. ఆ యుద్ధము మరి రెండేండ్లకు పైగా సాగినది. అలంకారశాస్త్రము ఈ రెండు ప్రయోగములను ఒకే గ్రంథమున, ఒకే తీరున వివరించును. ఒకటి వక్త ఆలోచనను బయటపెట్టినది, రెండవది శ్రోత ఆలోచనను మూసివేసినది అను భేదము శాస్త్రమునకు పట్టదు, మనకు పట్టవలెను.

నెహ్రూ ప్రసంగములో హంతకుని ఉన్మాదియని పేర్కొనుట కూడ గమనింపదగినది. ఏ మతమును, ఏ వర్గమును ఆ పదము తాకదు. కోపమువచ్చినదని ఎవరును దుష్ప్రవర్తనకు దిగరాదని అటుపై హెచ్చరించినారు. ఆ తరువాత సర్దార్ పటేల్ ఏ అలంకారమును లేక, ప్రతీకారము తలపెట్టవద్దని హిందీలో అర్థించినారు.

వేయేండ్ల వెలుగును గూర్చి చెప్పిన ఆ కంఠమే, ఆ ప్రసంగములోనే, మరునాటి యేర్పాటులను కూడ తెలుపవలసివచ్చినది. ఉదయము 11.30 గంటలకు భౌతికకాయము బయలుదేరుననియు, సాయంకాలము 4 గంటలకు యమునాతీరమున దహనము జరుగుననియు చెప్పినారు. సరియైన స్థలమును, ఊరేగింపు మార్గమును రేడియో ద్వారాను, పత్రికల ద్వారాను ప్రకటింతుమన్నారు.